చేతికివ్వని చాకు

ఐర్లండులో, గాల్వే రేవుకు ఎదురుగా ఉన్న ఆ పడవసామాన్ల దుకాణంలో అడుగుపెట్టగానే నన్ను మొదట పలకరించింది తాళ్ళ వాసన. తడిసి ఆరి, ఆరి మళ్ళీ తడిసిన మోకుల వాసన అది. దానిలో కొంత తారు, కొంత ఉప్పు, ఏ మూలనుంచో కొంత కిరసనాయిలు. వెలుపల వాన పక్కవాటుగా కొడుతున్నది. ఈ ఊళ్ళో వానకు గొడుగు అడ్డుకాదని తెలుసుకోవడానికి నాకు మూడు గొడుగులు ఖర్చయినవి. నాలుగవది కొనలేదు.

నా వెంట ఉన్నది పదహారేళ్ళ మనుమరాలు. శనివారాలలో చిన్నపిల్లలు అఖాతంలో బుల్లి తెరచాప పడవలు నడపడం నేర్చుకుంటారు. వారి చుట్టూ కాపలాగా ఇంజను బిగించిన రబ్బరు పడవ ఒకటి తిరుగుతుంది. ఏ పడవ అయినా బోల్తాకొట్టి, తాళ్ళు పిల్లల కాళ్ళకు చుట్టుకుంటే ఆ తాళ్ళను కోసి పైకి తీయడం ఆ కాపలా పడవలోని వారి పని. ఈ ఏడు మా పిల్లను ఆ పనికి ఎన్నుకున్నారు. ఎవరి మడతచాకు వారు తెచ్చుకోవాలనీ, చాకు లేనివారు పడవ ఎక్కరాదనీ అక్కడి శిక్షకురాలు చెప్పిందట. పిల్లలకు చాకులు అమ్మరు గనుక పెద్దవారెవరైనా తోడు వెళ్ళాలి. దాని తల్లి, అంటే మా అమ్మాయి, ఆసుపత్రిలో నర్సు. ఆ వారమంతా డ్యూటీలే. పని నా మీద పడింది.

"నువ్వే చూసి కొనమ్మా. మరీ పెద్దది కొనకు. పడవ దిగాక బ్యాగులో వేసుకుని ఊళ్ళో తిరక్కూడదని చెప్పు దానికి. ఇక్కడి పోలీసు గార్డులు చూస్తే ఊరుకోరు" అన్నది మా అమ్మాయి ఫోనులో.

సరేనన్నాను. నా జీవితంలో ఒక్కసారి కూడా ఎవరి చేతిలోనూ చాకు పెట్టలేదన్న సంగతి ఆమెకు చెప్పలేదు.

దుకాణదారు వృద్ధుడు. మోచేతుల దగ్గర అరిగిన ఉన్ని స్వెట్టరు, తెల్లని గుబురు కనుబొమ్మలు. అద్దాల పెట్టె తెరచి, నల్లని గుడ్డ పరచిన పళ్ళెం ఒకటి తీశాడు. మొదట చూపినది కర్ర పిడిది, నాజూకైనది, సూదివంటి మొన గలది. మా పిల్ల కళ్ళు మెరిసినవి.

"మొన లేనిది చూపించండి" అన్నాను.

ఆయన తల ఎత్తి నన్నొకసారి పరికించి చూశాడు. "పడవల మీద తిరిగారా, మిస్సస్?"

"పడవల పక్కన పెరిగాను."

ఆ మాట అనడానికి క్షణం పట్టలేదు. దానివెంట వచ్చినదంతా ఇక్కడ రాయడానికి మాత్రం వారం పట్టింది.

మా తాతయ్య, అనగా అమ్మ తండ్రి, గోదావరి కాలువల మీద ఒక లాకుకు అధికారి. కాలువ నీటి మట్టం ఎత్తునుంచి పల్లానికి మారే చోట రెండు జతల పెద్ద తలుపులు, ఆ తలుపుల నడుమ లోతైన రాతి తొట్టి ఉండేవి. పై కాలువనుంచి వచ్చిన పడవ తొట్టిలో చేరుతుంది. పై తలుపులు మూస్తారు. కింది షట్టర్లు ఎత్తితే తొట్టిలోని నీరు మెల్లగా దిగుతుంది, నీటితోపాటు పడవా దిగుతుంది. రెండు మట్టాలూ సమమైనాక కింది తలుపులు తెరచుకుంటాయి, పడవ సాగిపోతుంది. ఆనాడు ఊళ్ళమధ్య ధాన్యమూ కొబ్బరికాయలూ పెళ్ళివారూ శవాలూ కూడా ఆ తొట్టిలో దిగి, ఎక్కి, వెళ్ళవలసిందే. ఇప్పుడా దారిన పడవ లేదు. లాకు తలుపులు ఏనాడో తుప్పుపట్టి కూలిపోయాయని విన్నాను.

అమ్మ నా తమ్ముణ్ణి కనడానికి పుట్టింటికి వచ్చిన ఏడాది అది. నాకు తొమ్మిదేళ్ళు. వేసవికి నీరు ఆపి కాలువలు కట్టివేయడానికి ఇంకా రెండు వారాలున్నవి. ఆలోగా దాళ్వా పంట ధాన్యం చేరవేయాలని పడవలు ఒకదాని వెనుక ఒకటిగా బారులు తీరేవి. గోనె సంచుల పొట్టు గాలిలో ఎగిరి ముక్కులో గరగరలాడేది. ప్రతి పడవ వెనుక భాగంలోనూ ఒక మట్టిపొయ్యి, ఆ పొయ్యిమీద చేపల పులుసు. మా ఇంట అది నిషిద్ధం. నేను లాకు గట్టున కూర్చుని, పుస్తకం ఒడిలో పెట్టుకుని, ఆ పులుసును ముక్కుతో దొంగిలించేదాన్ని. ఒక పడవవాని భార్య అది పసిగట్టింది. "అమ్మాయిగోరికి వాసన సాల్తదా, రుసి కూడా కావాలా?" అని అడిగి, నేను బెదరిపోతే పకపక నవ్వింది.

ఇంట్లో అమ్మమ్మది వేరు రాజ్యం. ఆ రాజ్యంలో కొన్ని వస్తువులు చేతినుంచి చేతికి మారరాదు: ఉప్పు, నూనె, నువ్వులు, అన్నిటికంటె ముఖ్యంగా ఇనుము. కూరల చాకు ఎవరైనా అడిగితే నేల మీద పెట్టాలి. అవతలివారు వంగి తీసుకోవాలి. నేనొకనాడు తొందరలో చాకును పిడివైపు తిప్పి ఆమె చేతికే అందించబోయాను. మణికట్టు మీద చురుక్కుమని ఒక్కటి పడింది.

"ఎన్నిమాట్లు చెప్పానే? ఇనుం చేతికిస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ మధ్యన కీడు మొదలవుద్ది. కింద పెట్టు. నేను తీసుకుంటాగా."

ఆ దెబ్బ చిన్నదే. చిన్నదైనందుకే కాబోలు లోపలికంటా దిగింది. పిదప నా చెయ్యి తనంతట తానే నేర్చుకున్నది. ఆలోచనతో పని లేకుండా, చాకు పట్టుకున్న మరుక్షణం నా చెయ్యి నేలను వెదికేది.

అమ్మకు ఒక్కడే తమ్ముడు, మా మావయ్య. ఇరవై ఏళ్ళుంటాయేమో. లాకు మీద ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టుకుని, ఈలోగా తాతయ్యకు సాయంగా పడవల లెక్కలు రాసేవాడు. దస్తూరి ముత్యాలకోవ. ఈతలో చేప. నాకు పద్యాలు వల్లె వేయించినది ఆయనే. తప్పు చదివితే నా జడ పట్టుకుని గంట కొట్టినట్టు రెండుసార్లు లాగేవాడు.

ఆ వసంతంలోనే మావయ్య గుడి తీర్థపు సంతలో చాకు కొన్నాడు. నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. బెల్లపు జీళ్ళ అంగడి దాటాక ఒక కమ్మరి గోనెపట్టా మీద పదిపన్నెండు మడతచాకులు పరచి ఉన్నాడు. మావయ్య దేనినీ ముట్టుకోకముందు, కమ్మరి పక్కనున్న నీళ్ళ కుండలో చేతులు రెండూ మణికట్టుదాకా ముంచాడు.

"అదేటండీ, సేతులు తడుపుకుని సూత్తారు?" అన్నాడు కమ్మరి.

"ఆరిన చేత్తో ఏ చాకైనా తెరుచుకుంటుంది. నాకు చాకుతో పనిబడేది చెయ్యి తడిసినప్పుడేగా."

ఒక్కొక్కదాన్నే కుడిచేత్తో తెరిచి చూశాడు. తరువాత ఎడమచేత్తో తెరిచాడు. ఎడమచేతి బొటనవేలికి లొంగనివన్నీ పక్కన పెట్టేశాడు. చివరకు రెండు మిగిలినవి. వాటిని చెవి దగ్గర పెట్టుకుని మూసి, తెరచి, ఆ చప్పుడు విన్నాడు. ఒకటి ఎంచుకుని, "దీని మొన అరగదీసి మొద్దు చేసి పెట్టు" అన్నాడు.

కమ్మరి బాధపడ్డాడు. "మొన తీసేత్తే సాకందం పోద్దండి, బాబూ."

"పడవ ఊగినప్పుడు ఆ మొన పక్కవాడి పొట్ట మీదే పడుతుంది. నాకు తాడు కోసే చాకు చాలు."

పిడి చివర బెజ్జం వేయించి, వల అల్లే దారాన్ని నాలుగు పేటలు పేని, ఆ బెజ్జంలోంచి తీసి మొలతాడుకు కట్టుకున్నాడు. చెయ్యి బారగా చాచినా తాడు సరిపోవాలని కొలిచి మరీ కట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు సైకిలు మీద నా చెవిలో చెప్పాడు: "ఇది ఎప్పుడైనా అడుగు, ఇస్తాను. తాడు మాత్రం విప్పకు. విప్పావంటే అది కాలువ సొమ్ము."

దుకాణంలో ఆ ముసలాయన మొనలేని చాకులు మూడు వరుసగా పెట్టాడు. వాటి కోసే అలుగులు గొర్రెడెక్కలాగా మొద్దుగా ఉన్నాయి. సగం అలుగుకు రంపపు పళ్ళు. అవి తాళ్ళకని చెప్పాడు. ఒకటి నారింజరంగు పిడిది. నీళ్ళలో పడినా కంటికి ఆనుతుందన్నాడు. ఉప్పునీటికి తుప్పుపట్టని ఉక్కు. పిడి చివర తాడు దూర్చే కంత.

"బయటికి వెళ్ళి చేతులు తడుపుకుని రా" అన్నాను మా పిల్లతో.

"అమ్మమ్మా, సీరియస్‌లీ?"

"వాన ఊరికే పోతోందిగా. వెళ్ళు."

అది కళ్ళు తిప్పుతూ వెళ్ళి, వాకిట చేతులు చాచి, తడితో తిరిగి వచ్చింది. మొదటి చాకు దాని బొటనవేలి కింద జారింది. రెండవది రెండు చేతులు పెడితేనే తెరుచుకున్నది. నారింజది ఠక్కుమని తెరుచుకున్నది. "ఇప్పుడు ఎడమచేత్తో" అన్నాను. మళ్ళీ ఠక్కుమన్నది. "దిస్ వన్స్ గ్రాండ్, అమ్మమ్మా" అన్నది అది, మొహం వెలిగిపోతూ.

ఆ ఠక్కుమనడం నాకు తెలిసిన చప్పుడు.

కాలువ కట్టడానికి నాలుగు రోజుల ముందు మధ్యాహ్నం. నేను లాకు గట్టుమీద, తొట్టి అంచు రాతిపైన కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో పచ్చి మామిడికాయలు, కాగితం పొట్లంలో ఉప్పూ కారం. మావయ్యను అడిగి చాకు తీసుకున్నాను. ఆయన అలవాటు చొప్పున దాన్ని రాతిమీద పెట్టాడు, నేను తీసుకున్నాను. తాడు పొడుగు చాలక ఆయన నా పక్కనే నిలబడవలసి వచ్చింది. అటు తాతయ్య పిలిచాడు. "విప్పుకుని కోసుకో మరి. ఒక్క నిమిషమే. అంచున కూర్చోకు" అని ముడి ఆయనే విప్పాడో, నేను అడిగి విప్పించానో ఇప్పుడు రూఢిగా చెప్పలేను. నేనే విప్పానని నా మనసు వాదిస్తుంది. ఇన్నేళ్ళుగా అదే వాదన.

తొట్టిలో ధాన్యపు పడవ ఒకటి ఉన్నది. నన్ను చూసి నవ్విన ఆమె పడవే. ఆమె మొగుడు ముందుకొయ్యకు కట్టిన మోకును గట్టుమీది రాతిగుంజకు బిగించి, రసీదు కోసం ఆఫీసుకు వెళ్ళాడు. నీరు దిగుతున్నకొద్దీ ఆ మోకును వదులుతూ ఉండాలి. వదిలే మనిషి లేడు. లాకు తలుపులు తిప్పే లస్కర్లు అవతలి తలుపు దగ్గర ఉండి చూసుకోక షట్టరు ఎత్తేశారు.

పడవ వెనుక భాగం దిగింది. ముందు భాగం దిగలేదు. మోకుకు వేలాడుతున్నది. బస్తాలు వెనక్కు దొర్లసాగాయి. పొయ్యిమీది కుండ బోర్లపడింది. ఆమె కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. షట్టరు దింపమని అరుస్తూ మావయ్య పరుగున వచ్చి పడవ ముందుకొయ్య మీదికి దూకాడు. ముడి సడలించడానికి కుడిచేతి వేళ్ళు మోకు చుట్టు కిందికి దూర్చాడు. అప్పుడే పడవ ఒక జానెడు జారింది. మోకు బిగిసింది. ఆయన వేళ్ళు మోకుకూ కొయ్యకూ నడుమ ఇరుక్కుపోయినవి.

ఆయన ఎడమచెయ్యి మొలను తడిమింది. అక్కడ ఉత్త తాడే ఉన్నది. తల ఎత్తి నన్ను చూశాడు.

"చాకియ్యవే. చేతికియ్యి."

అరవలేదు. పద్యం అప్పజెప్పమని అడిగినంత మెల్లగా అడిగాడు. నేను రాతిమీద బోర్లా పడుకున్నాను. ఆయన ఎడమ అరచెయ్యి నా మొహానికి అడుగు దూరంలో, తెరుచుకుని, వెల్లకిలా ఉన్నది. దానిలోని గీతలన్నీ కనబడినవి. చాకు తెరిచే ఉంది. మొన లేదు. అరచేతిలో పెట్టి ఉంటే గీరుకునేది కూడా కాదు.

నేను దాన్ని ఆయన చేతి పక్కన, రాతి మీద పెట్టాను.

ఆయన వేళ్ళు పిడిని తాకినవి. నా చేతుల మామిడి సొన, రాతిమీది నీటి తడి. పడవ మరొకసారి కుంగింది. చాకు అంచు దాటి జారిపోయింది. నీళ్ళలో పడిన చప్పుడు ఎంత చిన్నదంటే, మామిడిపిందె ఒకటి రాలినట్టు.

తరువాత లస్కరు గొడ్డలితో వచ్చి మోకు నరికాడు. పడవ నిలిచింది, ఆమె బ్రతికింది. మావయ్య కుడిచేతి నడిమి వేళ్ళు మూడూ పోయినవి.

రాజమండ్రి ఆసుపత్రినుంచి తీసుకువచ్చిన నాడు ఆయన మంచం చుట్టూ అందరూ ఉన్నారు. అమ్మమ్మ నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగింది.

"చాకు తాడు ఎవరు విప్పారు?"

"నేనే విప్పానమ్మా" అన్నాడు మావయ్య మంచంమీదినుంచి.

"మరి దీని దగ్గరున్న చాకు నీకెలా వచ్చింది? ఏమే, కింద పెట్టావా, చేతికిచ్చావా?"

మావయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. "చేతికే ఇచ్చిందమ్మా. చక్కగా అందించింది. నేనే జార్చుకున్నాను."

నన్ను కాపాడడానికే ఆ మాట అన్నాడు. ఆ మాట అమ్మమ్మకు ఎలా వినిపిస్తుందో ఆయనకు స్ఫురించి ఉండదు. ఆమె కాసేపు నా చేతులవైపే చూసింది. "చేతికిచ్చావూ" అన్నది. కొట్టలేదు, తిట్టలేదు. "అందుకే" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది.

మావయ్య కళ్ళు తెరిచాడు. తాను చేసినది ఏమిటో అప్పుడు ఆయనకు అర్థమైనట్టుంది. దిద్దాలంటే నిజం చెప్పాలి. ఆమె మాట విన్నందునే, ఆ మాట తు.చ. తప్పకుండా పాటించినందునే తన వేళ్ళు పోయాయని కన్నతల్లితో చెప్పాలి. ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చేయని తప్పుకు ఆమె దృష్టిలో దోషినై, చేసిన తప్పును లోపల దాచుకుని, ఆ ఇంట మరి రెండు నెలలున్నాను. తమ్ముడు పుట్టాడు. వాడి బొడ్డు కోసే వేళకు నన్ను ఆ గది దరిదాపులకు రానివ్వలేదు. దీని చేతి ఇనుము వద్దన్నది అమ్మమ్మ.

కాలువ కట్టారు. తొట్టి ఎండింది. లస్కర్లు దిగి పూడిక తీశారు. నేను గట్టున నిలబడి ప్రతి తట్టనూ చూశాను. ఇత్తడి గరిటె వచ్చింది, ఎవరిదో కాలి మట్టె వచ్చింది, పెంకులు వచ్చాయి, గాజులు వచ్చాయి. చాకు రాలేదు. ఆ బురదలో అది ఎక్కడికి పోగలదు? నాలో ఒక భాగానికి మాత్రం అది ఇంకా అడుగు చేరలేదు, దిగుతూనే ఉన్నది. ఈ ఊళ్ళోనూ పడవలు తిరగని పాత కాలువ ఒకటున్నది. ఉదయం నడకకు ఆ గట్టునే వెళతాను. పాడుబడిన లాకు దగ్గర ఆగి నల్లని నీళ్ళలోకి చూస్తాను. చూడకుండా దాటిపోయిన రోజు లేదు.

మావయ్యకు లాకు ఉద్యోగం రాలేదు. షట్టర్ల చక్రం తిప్పే చెయ్యి లేదన్నారు. ఎడమచేత్తో రాయడం నేర్చుకుని పక్క ఊరి బడిలో గుమాస్తాగా చేరాడు. ఆ దస్తూరి మళ్ళీ ముత్యాలకోవ కాలేదు. సెలవులకు నేను వెళితే పద్యాలు చెప్పేవాడు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలిన ఆ చేత్తోనే నా జడ లాగేవాడు. ఆ సంగతి మాత్రం మా నడుమ ఎన్నడూ రాలేదు. ఒకసారి నేను ఎత్తబోయాను. "ముంజెలు ముదిరిపోతున్నాయి, పద" అని లేచిపోయాడు.

నేను తెలుగు విద్వాన్ పరీక్షకు చదవడానికి పట్నం వెళుతున్న రోజున బస్సు దగ్గరికి వచ్చాడు. రద్దీలో నన్ను పక్కకు పిలిచి, ఉత్తరీయంలోంచి ఏదో తీశాడు. కొత్త మడతచాకు. మొన అరగదీసి ఉన్నది. పిడికి నాలుగు పేటల తాడు.

"పెన్సిళ్ళు చెక్కుకోవడానికి" అన్నాడు. దాన్ని ఆ కుడి అరచేతిలో, లేని మూడు వేళ్ళ చోట ఉంచి, నా ముందుకు చాచాడు. "తీసుకో. చేతిలోంచే తీసుకో."

నేను ఆ చేతిని చూశాను. "కింద పెట్టు మావయ్యా" అన్నాను.

ఆయన చాలాసేపు అలాగే నిలబడ్డాడు. పిదప వంగి, బస్టాండు అరుగు మీద ఆ చాకును పెట్టాడు. కండక్టరు ఈల వేశాడు. దాన్ని తీయకుండానే నేను ఎక్కేశాను. దసరా సెలవులకు వచ్చి ఆ చాకు అడుగుదామనుకున్నాను, అడగలేదు. ఆయన పోయి ఇప్పటికి ఎంతో కాలమైంది. ఆనాడు ఆయన ఇవ్వబోయినది చాకు మాత్రమే కాదని తెలుసుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది.

దుకాణదారు నారింజరంగు చాకును మూసి, నా వైపు చాచాడు. నా చూపుడువేలు నాకు తెలియకుండానే బల్లను చూపించింది.

"అక్కడ పెట్టండి."

"కాగితంలో చుట్టాలా, మిస్సస్?"

"అక్కర్లేదు. అక్కడ పెడితే నేను తీసుకుంటాను."

మా పిల్ల సిగ్గుపడింది. "అమ్మమ్మా, ఇట్స్ ఫైన్. హీజ్ ఓన్లీ గివింగ్ ఇట్ టు యూ."

ఆయన నొచ్చుకోలేదు. చాకును బల్లమీద పెట్టి, మా పిల్లవైపు తిరిగాడు. "ఇంట్లో ఎట్లాగైనా ఇచ్చుకోండి. పడవలో మాత్రం చాకును కింద పెట్టకూడదు, పిల్లా. కింద పెట్టినదల్లా నీటిదే. మా నాన్న మాకు నేర్పినది చెబుతున్నా. పిడివైపు తిప్పి ఎదుటివాడి అరచేతిలో పెట్టాలి. పెట్టి, వదలకూడదు. 'అందింది' అని వాడు నోటితో చెప్పాలి. అప్పుడే వదలాలి." దాని చేతిలో పెట్టి చూపించాడు. "అందిందా?"

"ఐ హావ్ ఇట్."

"గ్రాండ్." అప్పుడు వదిలాడు.

నేను కిటికీవైపు తిరిగి వానను చూస్తూ నిలబడ్డాను.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో తాడు పేనాను. నాలుగు పేటలు. చెయ్యి బారగా చాస్తే సరిపోయేట్టు కొలిచాను. కంతలో దూర్చి ముడివేసి, "ఇదిగో" అని పిలిచాను. మా పిల్ల ఫోను చూసుకుంటూ వచ్చి చెయ్యి చాచింది. నేను దాన్ని వంటింటి బల్లమీద పెట్టాను. దుకాణంలో విన్నదంతా నా చెవుల్లోనే ఉన్నది. అయినా నా చెయ్యి నా మాట వినలేదు. "థాంక్స్ అమ్మమ్మా" అని అది బల్ల మీదే వదిలి, తడి బూట్లు ఆరబెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున దాన్ని స్నేహితురాలి తండ్రి కారులో తీసుకువెళ్ళాడు. మా అమ్మాయి డ్యూటీనుంచి వచ్చి టీ కోసం అలమర తలుపు తీస్తూ, "ఇదేంటమ్మా, చాకు ఇక్కడే ఉంది?" అన్నది.

బల్లమీద నారింజరంగు. పక్కన తాడు, నేను చుట్టినది చుట్టినట్టే.

"నడు. కారు తియ్యి" అన్నాను.

"అమ్మా, రాత్రంతా నిలబడి వచ్చాను. ఎవరిదో ఒకటి అప్పు తీసుకుంటుందిలే."

"కారు తియ్యవే."

నా గొంతులో ఏమి వినిపించిందో, తాళాలు తీసుకున్నది.

మేము చేరేసరికి రబ్బరు పడవ తాడు విప్పేశారు. ఇంజను పొగలు వదులుతున్నది. తెల్లని చిన్న తెరచాపలు అప్పటికే దూరంగా అటూ ఇటూ తూలుతున్నవి. మా పిల్ల ఏడుపు మొహంతో గట్టునే నిలబడి ఉంటుందనుకున్నాను. లేదు, అది పడవలోనే ఉన్నది. శిక్షకురాలు దాన్ని దిగమంటున్నది, అది జేబులు తడుముకుంటున్నది. ఆ తడమడం చూసి నా కాళ్ళు పాతేసినట్టు ఒక్క లిప్త ఆగిపోయినవి. తరువాత నడిచాయి.

గట్టు అంచున నాచు. ఒక మోకాలు ఆనించి కూర్చున్నాను. మా అమ్మాయి వెనకనుంచి నా కోటు పట్టుకున్నది. పడవకూ నాకూ నడుమ మూరెడు నీరు, ఎగసి, దిగి, మళ్ళీ ఎగసి. మా పిల్ల చెయ్యి చాచింది. చల్లగాలికి ఎర్రబడిన అరచెయ్యి. గీతలన్నీ కనబడుతున్నాయి.

పక్కన రాయి ఉన్నది. చదునైనది. నా చెయ్యి దానివైపు జరిగింది. ఆ జరగడం నాకు తెలిసింది.

"అమ్మమ్మా, ఇన్ మై హ్యాండ్" అన్నది అది.

పిడిని దానివైపు తిప్పి, దాని అరచేతిలో పెట్టాను. వదలలేదు.

"అందిందా?"

"ఐ హావ్ ఇట్."

నా వేళ్ళు విడివడలేదు. నీటి మీదుగా మా ఇద్దరి చేతులూ ఒకే చాకును పట్టుకుని ఉన్నాయి. పడవ కుంగినప్పుడు నా చెయ్యి కుంగింది, లేచినప్పుడు లేచింది. మా పిల్ల నా మొహంలోకి చూసింది. అది అందులో ఏమి చూసిందో తెలియదు. ఇంట్లో ఎన్నడూ ఇంగ్లీషు విడవని పిల్ల, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"అందింది, అమ్మమ్మా. వదిలెయ్."

వదిలాను.

తాడును నడుముకు ముడివేసుకుంటూనే అది నాకు వీపు తిప్పేసింది. ఇంజను హోరెత్తింది. నీరు రెండుగా చీలి తెల్లని దారి పడింది. మా అమ్మాయి నన్ను లేవదీయబోయింది. కాసేపు ఉండమన్నాను. ఎవరికో ఏదో ఇవ్వబోతున్నట్టు నా చెయ్యి ఇంకా నీటిమీదికి చాచే ఉన్నది. దాన్ని మెల్లగా వెల్లకిలా తిప్పాను. చాలా ఏళ్ళ కిందట ఒక బస్సు పక్కన, మూడు వేళ్ళు లేని చెయ్యి ఒకటి ఇలాగే తెరుచుకుని, ఎంతసేపు నిలిచిందో అంతసేపు దాన్ని అలాగే ఉంచాను.